ఊరికి లక్ష్యం పెట్టేది ఎవరు?

2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కారు. కారణం ఒక మ్యాపు. మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో వాళ్ల పొలాల మీద పరిశ్రమల జోన్ రంగు పడింది. అదే నెలలో జగిత్యాలలోనూ గొడవ రేగింది. అక్కడ పొలాల మీద పడ్డది రిక్రియేషన్ జోన్, అంటే పార్కుల్లాంటి వాటి కోసం ఊరు ఖాళీగా ఉంచుకునే జాగా. కామారెడ్డిలో ఒక రైతు ఆత్మహత్యతో ఆందోళన ఇంకా ముదిరింది. నెల తిరక్కుండానే రెండు కౌన్సిళ్లూ ఆ ముసాయిదాలు వద్దంటూ తీర్మానాలు చేశాయి.

ఇందులో ఒక చిక్కుంది. ప్రజలను అడగలేదని అనడానికి లేదు. అభ్యంతరాలు, సూచనలు ఉంటే ఫలానా తేదీలోగా రాసివ్వండని ప్రకటన ఇచ్చారు, గడువూ పెట్టారు. కాకపోతే అడిగే వేళకే మ్యాపులో రంగులు పూయడం పూర్తయింది. శుభలేఖలు అచ్చేయించాక పిల్లను కూర్చోబెట్టి ‘నీకిష్టమేనా అమ్మా’ అన్నట్టు.

ఊరు పచ్చగా ఉండాలి, నీళ్లు చాలాలి, చెత్త పేరుకోకూడదు అనడంలో ఎవరికీ పేచీ లేదు. ఎంత పచ్చదనం, ఎవరి పొలంలో, ఏ ఏడాదికల్లా, ఎవరి ఖర్చుతో అన్న దగ్గరే పేచీ. వాటిని తేల్చేటప్పుడు అక్కడ బతికేవాళ్ల మాటకు చోటెక్కడ అన్నది కనిపించినంత సులువైన ప్రశ్న కాదు.

లక్ష్యం వేరు, కొలత వేరు, పని వేరు

సుస్థిరత అన్న మాట పేపర్లలో అరిగిపోయింది. 1987లో ఐక్యరాజ్యసమితి తరఫున బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన అర్థం ఇదీ: ఇవాళ్టి అవసరాలు తీరాలి, రేపటివాళ్లు తమ అవసరాలు తీర్చుకునే దారి మూసుకుపోకూడదు. వీధి స్థాయికి దించితే, బోరు ఏటేటా ఇంకో వంద అడుగులు దిగకపోవడం, మన చెత్త పక్క ఊరి నెత్తిన పడకపోవడం, వానొస్తే నాలా ఇంట్లోకి రాకపోవడం.

ఈ చర్చలో మూడు మాటలు తరచూ కలగాపులగం అవుతుంటాయి. ‘ఎండాకాలంలో మనం కొనే ట్యాంకర్లు మూడేళ్లలో సగానికి తగ్గాలి’ అనేది లక్ష్యం. ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో రాసిపెట్టుకునే పుస్తకం కొలత, దాన్నే సర్కారీ భాషలో సూచిక అంటారు. ఇంకుడు గుంత తవ్వడం పని. మన ప్రణాళికల్లో మాత్రం చాలాసార్లు పనే లక్ష్యం వేషం కట్టుకొని వస్తుంది: ‘ఈ ఏడాది వెయ్యి ఇంకుడు గుంతలు’. గుంతలు వెయ్యీ పూర్తవుతాయి, ట్యాంకర్లు మాత్రం అలాగే వస్తూ ఉంటాయి.

ఒక అపార్ట్‌మెంటును తీసుకుందాం. 120 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది దేశంలో పట్టణ నీటి పథకాలకు వాడే ప్రమాణం. ఆ లెక్కన రోజుకు 64,800 లీటర్లు కావాలి. ఇక డాబా విస్తీర్ణం 1,000 చదరపు మీటర్లు అనుకుందాం. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. డాబా మీద పడేది 8 లక్షల లీటర్లు. ఆవిరయ్యేది, పొర్లిపోయేది తీసేసి నూటికి 80 వంతులు ఒడిసిపట్టినా 6.4 లక్షల లీటర్లు. అంటే ఏడాది వానంతా కలిపి ఆ అపార్ట్‌మెంటుకు పది రోజుల నీళ్లు.

అలాగని ఇంకుడు గుంతలు దండగేం కాదు. నీరు ఇంకితే భూగర్భ జలం పెరుగుతుంది, కాలువలో వరద కొంత తగ్గుతుంది. కానీ మనం ఇంకించిన నీరు పక్క వీధివాడి బోరులో తేలొచ్చు. కాబట్టి ఒక్క అపార్ట్‌మెంటు ఎంత కష్టపడినా తన ట్యాంకర్ల లెక్క తగ్గకపోవచ్చు, కాలనీ మొత్తం కలిస్తే తగ్గొచ్చు. లక్ష్యం ఏ స్థాయిలో పెట్టుకోవాలి అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. పైగా ఈ లెక్క వేయాలంటే వాన, నేల, బోర్ల సంగతి తెలిసినవాళ్లు కావాలి. ట్యాంకర్ల బాధ నివాసులకు తెలుసు. ఎంత తగ్గించడం సాధ్యమో ఇంజినీరు చెప్పాలి.

పై నుంచి లక్ష్యం దిగిన సందర్భమూ మన దగ్గరే ఉంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి పురపాలిక బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతక్కపోతే వార్డు ప్రతినిధి పదవికే ఎసరు. దీన్ని మెచ్చుకునేవాళ్ల వాదన బలమైనదే: అంకె స్పష్టంగా ఉంది, బాధ్యుడెవరో తెలుసు, తప్పించుకోవడానికి లేదు. ఇంతకుముందు నాటిన మొక్కల ఫొటోలే తప్ప బతికిన మొక్కల లెక్క ఎవరు అడిగారు? దీన్ని తప్పుబట్టేవాళ్లు అనేది, వానొస్తే మునిగే ఊరికీ, ఎండొస్తే గొంతెండే ఊరికీ ఒకటే లక్ష్యం ఎలా కుదురుతుందని. ఆ పది శాతం తమ చేతికొస్తే కొన్ని ఊళ్లు నాలా పూడిక తీయించుకునేవేమో.

చట్టంలో పిలుపు ఉంది, పీట ఎక్కడ?

1992 రియో ధరిత్రీ సదస్సులో ఆమోదించిన కార్యాచరణ పత్రం అజెండా 21లో ఒక అధ్యాయం పూర్తిగా స్థానిక సంస్థల గురించే. 1996కల్లా ప్రతి దేశంలోనూ చాలా స్థానిక సంస్థలు తమ ప్రజలతో మాట్లాడి సొంత కార్యక్రమం రాసుకోవాలని అందులో ఉంది. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో పదకొండోది నగరాలది. ప్రణాళికలో పౌరులు నేరుగా పాల్గొనే ఏర్పాటు, అదీ క్రమం తప్పకుండా నడిచేది, ఎన్ని నగరాల్లో ఉందన్నది దాని కొలతల్లో ఒకటి.

మన దేశంలో ఇది 74వ రాజ్యాంగ సవరణతో మొదలైంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన ఆ సవరణ, 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. పర్యావరణ పరిరక్షణను పురపాలికలకు అప్పగించదగ్గ 18 బాధ్యతల్లో చేర్చింది. 2005లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర నగరాభివృద్ధి పథకం వచ్చాక, కేంద్రం నిధులు కావాలంటే ప్రజా భాగస్వామ్య చట్టం చేయాలని షరతు పెట్టారు. వార్డు కింద ఏరియా సభలు అన్న మాట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టంలోకి ఆ దారినే వచ్చింది. తెలంగాణ కొత్త చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. వీళ్లను నామినేట్ చేస్తారు, ఎన్నుకోరు. కార్పొరేటర్‌కు నచ్చినవాళ్లే వస్తారన్న విమర్శ అందుకే. ఎన్నికలు పెడితే ఇంకో రాజకీయ కుంపటి రాజుకుంటుందనేది ఎదుటి వాదన. అందులోనూ నిజం లేకపోలేదు.

దీనికన్నా మొండి చిక్కు ఇంకోటుంది. హైదరాబాద్‌లో వార్డు కమిటీ కూర్చొని నీళ్ల మీద లక్ష్యం పెట్టుకుందనుకోండి. నీళ్లు జలమండలివి. ఊరి మ్యాపు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది. కరెంటు పంపిణీ సంస్థ డిస్కంది. కార్పొరేటర్ చేతిలో ఉన్నది వీధి శుభ్రత, పార్కు, చిన్న రోడ్డు. అందుకే వార్డు సభలు ఎక్కడ జరిగినా మాట చివరికి వీధి దీపాల దగ్గరికే వస్తుంది. జనానికి ఆలోచన చాలక కాదు, ఆ సభలో తేలే సంగతి అదొక్కటే కాబట్టి.

వైకుంఠపాళిలో నిచ్చెనలు

1969లో షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అట్టడుగు మెట్ల మీద జరిగేది జనాన్ని మచ్చిక చేసుకోవడం. మధ్య మెట్ల మీద సమాచారం ఇస్తారు, అభిప్రాయం అడుగుతారు, ఒకరిద్దరికి కుర్చీ వేస్తారు. పైమెట్లకొస్తే అధికారం పంచుతారు, చిట్టచివర పౌరులకే అప్పగిస్తారు. అర్ధ శతాబ్దం దాటినా ఈ బొమ్మ చెలామణిలో ఉంది. మనవాళ్లకైతే వైకుంఠపాళి గుర్తుకు రావాలి, ఎందుకంటే ఇక్కడ నిచ్చెనల పక్కనే పాములూ ఉంటాయి.

స్మార్ట్ సిటీల సంగతే చూడండి. 2015 జూన్‌లో పథకం మొదలైనప్పుడు నగరాల మధ్య పోటీ పెట్టారు, నూటికి 16 మార్కులు పౌరుల భాగస్వామ్యానికి ఇచ్చారు. ఆన్‌లైన్ పోల్స్, వ్యాసరచన పోటీలు, వార్డుల్లో సమావేశాలు, ఫారాలు నింపించడం, అన్నీ జోరుగా జరిగాయి. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 నగరాల్లో విశాఖపట్నం, కాకినాడ రెండూ ఉన్నాయి. అక్కడిదాకా నిచ్చెనే.

ఆ ప్రణాళికలు తయారైన రోజుల్లో ఈ రెండు నగరాల్లోనూ ఎన్నికైన కౌన్సిల్ లేదు. విశాఖలో 2012లో గడువు ముగిసిన పాలకమండలికి మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. కాకినాడలో 2017 ఆగస్టులో. పథకాన్ని నడపడానికి పెట్టిన ఏర్పాటు విడిగా ఒక కంపెనీ. అభిప్రాయం చెప్పిన పౌరుడు ఏడాది తర్వాత ‘నేను చెప్పింది ఏమైంది’ అని అడుగుదామంటే కార్పొరేటరే లేడు. ప్రత్యేక కంపెనీల వల్ల పనులు వేగంగా, రాజకీయాలకు ఎడంగా సాగాయనేవాళ్లున్నారు. జవాబుదారీతనాన్నీ అంతే ఎడంగా పెట్టారనేవాళ్లూ ఉన్నారు.

నేను చూసిన ఒక సమావేశం చెప్తాను. కొన్నేళ్ల కిందట మేముండే పట్టణంలో, కమ్యూనిటీ హాల్లో, 2030 నాటికి మన వార్డు ఎలా ఉండాలో చెప్పమని పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు చార్టు, చేతికి రంగు చీటీలు. సమావేశం నడిపే కుర్రాడు మర్యాదస్తుడే. ఆకుపచ్చ చీటీ మీద పర్యావరణం, నీలం చీటీ మీద నీళ్లు రాయమన్నాడు. మా సందు చివర టిఫిన్ బండి పెట్టుకునే ఆవిడ చీటీ పట్టుకొని లేచింది. ‘బాబూ, నువ్వడిగేది 2030 సంగతి. మా సందులో నీళ్లు రాత్రి రెండింటికి వదుల్తారు. పట్టుకునేది ఎప్పుడు, పిండి రుబ్బేది ఎప్పుడు, పడుకునేది ఎప్పుడు?’

కుర్రాడు తలూపి నీలం చీటీ మీద ‘నీటి సరఫరా మెరుగుదల’ అని రాసి గోడకు అంటించాడు.

ఆమె చెప్పింది అది కాదు. ఆ సందుకు వచ్చే నీళ్లు కొలిస్తే బహుశా మనిషికి 135 లీటర్లు తేలుతాయి. హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కూడా ఇంచుమించు ఆ ప్రమాణానికే సరిపోతుంది: ఐదుగురు, 135 లీటర్లు, 30 రోజులు, 20,250. లీటర్లతో కొలిస్తే ఆమె సందు పాసవుతుంది. ఆమె కొలత నిద్ర. ‘ఉదయం ఐదుకూ ఎనిమిదికీ మధ్య నీళ్లు వచ్చిన రోజులెన్ని’ అన్నది ఏ పట్టికలోనూ గడిగా లేదు. లక్ష్యం పెట్టేటప్పుడే స్థానికులు ఉండాలని వాదించేవాళ్లు ప్రధానంగా చూపించేది ఇదే: బయటివాళ్లకు తట్టని కొలతలు వీళ్ల దగ్గరుంటాయి. తర్వాత అచ్చయిన నివేదికలో ఆ చీటీ ‘ఇతర సూచనలు’ పట్టికలో ఒక వరస అయింది. ఎదురుగా శాఖ పేరు లేదు, తేదీ లేదు, రూపాయి లేదు.

రూపాయి వెంట నడిచిన ఊరు

రూపాయితో సహా అడిగితే ఏమవుతుందో బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరంలో చూశారు. 1989లో అక్కడ నగరపాలక సంస్థ బడ్జెట్‌లో కొత్త పనులకు పోయే డబ్బును ఎక్కడ ఖర్చు చేయాలో పేటల సభల్లోనే తేల్చడం మొదలుపెట్టింది. జనం చేతులెత్తి తమ ప్రతినిధులను ఎన్నుకునేవారు, వాళ్లు పేటల కోరికలను వరసపెట్టేవారు. 1988లో నూటికి 75 ఇళ్లకు ఉన్న నీటి, మురుగు కనెక్షన్లు 1997కు 98కి చేరాయని ప్రపంచ బ్యాంకు రాసింది. సభలకు వచ్చేవాళ్లలో పేదలే ఎక్కువ కావడం చూసి పరిశోధకులు ఆశ్చర్యపోయారు. మామూలుగా ఇలాంటి సభల్లో తీరిక ఉన్నవాళ్లదే రాజ్యం.

ఎందుకలా కుదిరిందో తెలియాలంటే డబ్బు పంచిన పద్ధతి చూడాలి. ఉత్త మెజారిటీ ఓటు పెట్టలేదు. ప్రతి పేటకూ ఆ వసతి ఎంత కొరవడిందో, జనాభా ఎంతో, ఆ పేట సభ దాన్ని ఎన్నో ప్రాధాన్యంగా కోరుకుందో చూసి మార్కులు వేశారు. మన ఊరికి తగ్గట్టు నేను ఊహించిన అంకెలతో చేసి చూద్దాం. మురుగు కాలువలకు 3 కోట్లు ఉన్నాయి. ఒకటి 30 వేల మంది ఉన్న కాలనీ, చాలా ఇళ్లకు డ్రైనేజీ ఉంది. రెండోది 20 వేల మంది ఉన్న బస్తీ, సగానికి పైగా ఇళ్లకు లేదు. జనాభా ప్రకారం పంచితే కాలనీకి 1.8 కోట్లు, బస్తీకి 1.2 కోట్లు.

ఇప్పుడు కొరతకు 4, జనాభాకు 2, ప్రాధాన్యానికి 5 చొప్పున బరువులు పెడదాం. కాలనీకి కొరత మార్కు 1, జనాభా 3, ప్రాధాన్యం 2 (వాళ్లకు వాకింగ్ ట్రాక్ ముఖ్యం). మొత్తం 4, 6, 10 కలిపి 20. బస్తీకి కొరత 4, జనాభా 2, ప్రాధాన్యం 4. మొత్తం 16, 4, 20 కలిపి 40. అప్పుడు కాలనీకి కోటి, బస్తీకి రెండు కోట్లు. సభకు వస్తే నాలుగు డబ్బులు రాలతాయని, రాకపోతే రాలవని తెలిసినచోట పేదలు కూలి మానుకొని మరీ వస్తారు. ఇక బరువులు 4, 2, 5 అనే ఎందుకుండాలి? అది రాజకీయ నిర్ణయమే. తేడా ఏమిటంటే అక్కడ దాన్ని అందరి ముందూ చర్చించి పెట్టుకున్నారు.

ఆ దేశంలోనే బెలో హొరిజోంచి నగరం ఇంకో చక్కని ఆనవాయితీ పెట్టింది. ఓటుకు ముందు ప్రతినిధులందరినీ బస్సుల్లో ఎక్కించి అన్ని పేటల పనుల స్థలాలూ తిప్పి చూపించేవారు. మన రోడ్డు గుంతల గురించి అరిచేవాడు అవతలి పేటలో అసలు రోడ్డే లేదని కళ్లారా చూసి వచ్చేవాడు.

పోర్తో అలెగ్రె కథ అక్కడే ఆగలేదు. 2004 ఎన్నికల తర్వాత పార్టీ మారింది, నిధులు తగ్గాయి, సభల్లో ఒప్పుకున్న పనులు పెండింగులో పేరుకున్నాయి. 2017లో కొత్త సభలనే ఆపేశారు. మన దగ్గర పుణె 2006లో ఇలాంటిది మొదలుపెట్టింది, కానీ పౌరులకు వదిలింది బడ్జెట్‌లో చాలా చిన్న తునక. బెంచీలు, ఫుట్‌పాత్‌లు, దీపాల దగ్గరే ఎక్కువగా ఆగింది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమంతో పెద్ద అడుగే వేసింది. ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చింది. తర్వాత అక్కడి అలప్పుళ పట్టణంలో జరిగింది (ఆ కథ కింద వస్తుంది) చూస్తే ఆ నేపథ్యం అక్కరకొచ్చిందని అనిపిస్తుంది.

‘స్థానికులు’ అంటే ఏ ఊరివాళ్లు?

హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు వెళ్తోంది. నగరంలో వీధి చెత్తకుండీలు తీసేయాలన్న లక్ష్యం గురించి నగరవాసులను అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు. కుండీలోంచి మాయమైన చెత్త ఎక్కడ తేలుతుందో జవహర్‌నగర్ వాళ్లకు ముక్కుతో తెలుసు. కానీ ఆ ప్రాంతం చాలాకాలం జీహెచ్‌ఎంసీ హద్దులకు అవతల ఉంది. నగరం లక్ష్యం గురించి నగరం తన పౌరులను అడిగింది, ఆ లక్ష్యం మోసేవాళ్లు ఆ పౌరుల్లో లేరు.

జీవో 111 కథ దీనికి తిరగేసిన బొమ్మ. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996 మార్చిలో ఆ ఉత్తర్వు వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదంది. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి మాత్రం కట్టేసిన గొడ్డులా ఉందని ఆ ఊళ్లవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా మొత్తుకున్నారు. ‘స్థానికుల మాట వినండి’ అన్న సూత్రం పట్టుకుంటే ఉత్తర్వు ఎప్పుడో పోవాలి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వం ఆ ఆంక్షలు తొలగించింది కూడా. నగరానికి నీళ్లు ఇప్పుడు కృష్ణా, గోదావరి నుంచి వస్తున్నాయి, ఈ చెరువుల వాటా చాలా తక్కువ అన్నది సర్కారు చెప్పిన కారణం. పర్యావరణవాదులు, చాలామంది నగరవాసులు గగ్గోలు పెట్టారు: చెరువులంటే తాగునీరే కాదు, వరదకు అడ్డుకట్ట కూడా, పైనున్న పరీవాహకంలో కాంక్రీటు పోస్తే కింద మూసీ వెంట ఉన్న బస్తీలు ఏమవ్వాలి?

రెండు పక్షాల్లో ఎవరు స్థానికులు? చెరువు పైన పొలమున్న రైతా, చెరువు కింద గుడిసె ఉన్న కూలీనా? మీటింగు చెరువుల పైనున్న మొయినాబాద్‌లో పెడితే ఒక జవాబు, మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్‌లో పెడితే ఇంకో జవాబు. ఊరందరి కోసం 84 ఊళ్లు ఆస్తి విలువ వదులుకోవాలంటే వాళ్లకు పరిహారంగా ఏం ఇస్తారన్న చర్చ ఈ పాతికేళ్లలో గట్టిగా జరగకపోవడం నాకు ఇందులో అన్నిటికన్నా వింతగా తోస్తుంది.

పిలిచినచోట కూడా అందరికీ పిలుపు అందదు. 2000లో ఢిల్లీ సర్కారు భాగీదారీ అనే కార్యక్రమంతో కాలనీ సంఘాలను అధికారులతో కూర్చోబెట్టింది. సంఘాలకు నచ్చింది, పనులూ అయ్యాయి. కానీ పిలిచింది ప్రధానంగా అనుమతులున్న కాలనీల సంఘాలను. మురికివాడలు బయటే ఉన్నాయి. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలోనూ అద్దెకున్నవాళ్లకు ఓటు ఉండటం తక్కువ. పనిమనిషికి, వాచ్‌మన్‌కు అసలు ఉండదు. ఆ ఆవరణలో నీళ్లు ఎప్పుడొస్తాయో అందరికన్నా బాగా తెలిసింది వాచ్‌మన్‌కే.

అలప్పుళలో లారీలు ఆగిన రోజు

కేరళలోని అలప్పుళ పట్టణం తన చెత్తను సర్వోదయపురం అనే పక్క ఊరికి పంపేది. 2012లో ఆ ఊరివాళ్లు లారీలను అడ్డుకున్నారు. చెత్త వెళ్లే దారి మూసుకుపోయి పట్టణం వీధుల్లో, కాలువల పక్కన కుప్పలు పేరుకున్నాయి. నిచ్చెనలూ చీటీలూ లేకుండా, పొరుగూరి జనమే పట్టణానికి లక్ష్యం పెట్టారు: మీ చెత్త మీ దగ్గరే ఉండాలి.

అప్పుడు పట్టణానికి రెండు దారులున్నాయి. ఇంకో చోటు వెతుక్కోవడం, లేదా చెత్త పుట్టిన చోటే అరిగించడం. స్థానిక ఎమ్మెల్యే థామస్ ఐజాక్, మున్సిపాలిటీ కలిసి రెండో దారి పట్టారు. ఇంటింటికీ సబ్సిడీ మీద పైపు కంపోస్టు, బయోగ్యాస్ తొట్లు ఇచ్చారు. జాగా లేనివాళ్ల కోసం వీధుల్లో గాలి ఆడే కంపోస్టు అరలు కట్టారు. అరటి తొక్క, చేప ముల్లు తెచ్చి అందులో వేయాలి, పైన ఆకులు కప్పాలి. వాసన వస్తుందని మొదట వద్దన్న వీధులున్నాయి, పక్కనే కూరగాయల మడులు వేసి చూపించాక ఒప్పుకున్నవీ ఉన్నాయి. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ చెత్త నిర్వహణలో మెచ్చదగ్గవంటూ ఒసాకా, ల్యుబ్లియానా వంటి ఐదు నగరాలను పేర్కొంటే వాటిలో అలప్పుళ ఒకటి.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. లక్ష్యం పై నుంచి రాలేదు, పద్ధతిలో ప్రతి వీధికీ ఎంపిక ఉంది, అందుకే నిలబడింది అనేది ఒకటి. జనం ఇష్టపడి కాదు, లారీలు ఆగాయి కాబట్టి మారారు, కుప్పలు కంటబడకపోతే ఏ సభా ఆ తీర్మానం చేసేది కాదు అనేది రెండోది. నాకు రెండోదే ఎక్కువ నిజమనిపిస్తుంది, అయితే మొదటిది లేకపోతే ఆ మార్పు రెండు నెలలు కూడా నిలిచేది కాదు.

ఎంతమంది వస్తే ‘ప్రజలు’ అనొచ్చు?

2024 ఫిబ్రవరిలో పారిస్ నగరం బరువైన ఎస్‌యూవీల పార్కింగ్ రుసుము మూడింతలు చేయాలా అని ఓటింగ్ పెట్టింది. 54.55 శాతం అవునన్నారు. ఓటు వేసింది మాత్రం 5.68 శాతం. ఇది ప్రజల తీర్పేనా? కాదనేవాళ్లు అడిగేది, వందలో ముగ్గురి మాట ఊరందరికీ ఎలా వర్తిస్తుందని. అవుననేవాళ్ల జవాబు, తలుపు అందరికీ తెరిచే పెట్టాం కదా అని. పోల్చడానికి, 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓటేసింది 46.55 శాతం. ఆ కౌన్సిల్‌ను మాత్రం ఎవరూ ప్రజలది కాదనలేదు.

నగర ప్రణాళిక నిపుణుల సందేహం వేరే. కాలనీ సభలో కూర్చున్నవాడు వచ్చే ఎండాకాలం చూస్తాడు, ఇరవై ఏళ్ల తర్వాతి వేడి చూడడు. పార్కింగ్ కావాలంటాడు, బస్సు లేన్ వద్దంటాడు. చెత్త కేంద్రం కావాలి, తన వీధిలో వద్దు. నివాసుల తరఫు వాళ్ల జవాబూ గట్టిదే: చెరువు శిఖంలో లేఔట్లకు సంతకాలు పెట్టింది కాలనీ సభలు కావు, నిపుణులున్న ఆఫీసులే. 2020 అక్టోబరు 13 రాత్రి నగరాన్ని ముంచిన వానలో ఏ నాలా ఎక్కడ పొంగుతుందో హైదరాబాద్ పాత కాపురస్తులకు ముందే తెలుసు.

ఈ రెంటికీ మధ్య ఒక పాత పద్ధతి మళ్లీ వాడుకలోకి వస్తోంది: లాటరీ. జనంలోంచి చీటీ తీసి, ఆడా మగా, పేదా గొప్పా సరిపడా ఉండేలా చూసి, నిపుణులతో కూర్చోబెట్టి, తీరిగ్గా మాట్లాడించి, సిఫారసు అడుగుతారు. ఫ్రాన్స్ 2019లో వాతావరణ మార్పు మీద 150 మందితో అలా చేసింది. వాళ్లు 149 ప్రతిపాదనలు ఇచ్చారు, అధ్యక్షుడు మూడు మినహా అన్నీ ఒప్పుకున్నానన్నాడు, తర్వాత చట్టంలో చాలావాటిని నీరుగార్చారని వాళ్లే నిరసన చెప్పారు. మనవైపు ఇది కొత్తేం కాదు. తమిళనాడులోని చోళుల కాలపు ఉత్తరమేరూరు శాసనాల్లో ఊరి కమిటీలకు తాటాకు చీటీలు కుండలో వేసి తీసే పద్ధతి వివరంగా ఉంది. చెరువు చూసుకోవడానికి వేరే కమిటీ ఉండేది. అయితే కుండలో పేరు పడాలంటే భూమి, చదువు ఉండాలి, అంటే అక్కడా అందరికీ పిలుపు లేదు.

ఫ్రాన్స్ ఏర్పాటులో నాకు నచ్చింది చిన్న సంగతి. వచ్చినవాళ్లకు రోజు భత్యం ఇచ్చారు, పిల్లల్ని ఎవరికో అప్పగించి రావాల్సినవాళ్లకు ఆ ఖర్చూ ఇచ్చారు. మా పట్టణంలో ఆ చీటీల సమావేశం పెట్టింది ఉదయం తొమ్మిదిన్నరకు. టిఫిన్లకు గిరాకీ ఉండే వేళ. ఆవిడ బండి మీద తడిగుడ్డ కప్పి, పక్క కొట్టువాణ్ని చూస్తూ ఉండమని చెప్పి వచ్చింది. పదిన్నరకు తిరిగి వెళ్లేసరికి ఆఫీసులకు వెళ్లేవాళ్లంతా వెళ్లిపోయారు, గిన్నెలో సగం పిండి అలాగే ఉంది.